33/6.6 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్: సాలిడ్‌గా ఎర్త్ చేయాలా, ఎన్‌జీఆర్ పెట్టాలా?

కొండపల్లి_ఎలక్ట్రికల్
కొండపల్లి వైపు కొత్త గ్రైండింగ్ యూనిట్. ట్రాన్స్‌ఫార్మర్ 33/6.6 కేవీ, 8 ఎంవీఏ, డీవైఎన్11 (33 వైపు డెల్టా, 6.6 వైపు న్యూట్రల్ బయటికి తీసిన స్టార్), ఇంపిడెన్స్ 8.35 శాతం. 6.6 బోర్డు మీద ఒక 2500 కిలోవాట్ల మిల్లు మోటారు, రెండు ఫ్యాన్ మోటార్లు, మూడు 6.6/0.433 ట్రాన్స్‌ఫార్మర్లు. కేబుల్ అంతా కలిపితే 3 కిలోమీటర్లు. న్యూట్రల్ విషయంలో ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. కన్సల్టెంట్ డ్రాయింగులో 400 ఆంపియర్ల, 10 సెకన్ల ఎన్‌జీఆర్ (న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టే రెసిస్టరు) ఉంది. ప్యానెల్ కాంట్రాక్టరేమో "చుట్టుపక్కల 33/11 సబ్‌స్టేషన్లన్నీ సాలిడ్ ఎర్తింగే, న్యూట్రల్ నేరుగా ఎర్త్‌కే, ఆ పెట్టెకు డబ్బు దండగ" అంటాడు. మా ఫోర్‌మన్ గారు "అసలు న్యూట్రల్ వదిలేయండి, ఒక ఫేజు ఎర్తయినా ప్లాంటు ఆగదు" అంటారు. ఆర్డరు ఈ వారమే వెళ్లాలి. ఎవరి మాట వినాలి? ఎందుకో కూడా చెప్పండి, యజమానికి నేనే సమాధానం చెప్పుకోవాలి.

బెజవాడ_బస్‌బార్
మోటారు కాలితే రీవైండింగు బిల్లు ఎవరి టేబుల్ మీదికి వస్తుందో వాళ్ల మాట వినండి. ఆ ముగ్గురిలో ఎవరి మీదికీ రాదు.

రిలే_రాంబాబు
ముందు లెక్క చూడండి. 6.6 వైపు ఫుల్ లోడ్ 700 ఆంపియర్లు. సాలిడ్‌గా ఎర్త్ చేస్తే, సోర్స్ ఇంపిడెన్స్ వదిలేసి, 700/0.0835 అంటే దాదాపు 8,400 ఆంపియర్లు. డీవైఎన్‌లో జీరో సీక్వెన్స్ (మూడు ఫేజుల్లోనూ ఒకేలా వెళ్లి ఎర్త్ మీదుగా తిరిగొచ్చే కరెంటు) ఇంపిడెన్సులోకి 33 కేవీ సోర్స్ రాదు, అందుకని బోర్డు దగ్గర ఒక ఫేజు ఎర్త్ ఫాల్టు, మూడు ఫేజుల ఫాల్టు కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. ఎన్‌జీఆర్‌తో అయితే ఫేజు వోల్టేజీ 3,810; 3,810/400 = 9.53 ఓంలు. ఫాల్టు ఎక్కడ పడ్డా 400 దాటదు.

కాంట్రాక్టరు చెప్పిన 33/11 సబ్‌స్టేషన్ సంగతి వేరు. అక్కడ కిలోమీటర్ల కొద్దీ ఓవర్‌హెడ్ లైను. ఫాల్టు నేల మీద, చెట్టు మీద, క్రాస్ ఆర్మ్ మీద పడుతుంది. దూరం పెరిగేకొద్దీ లైను ఇంపిడెన్సే కరెంటును తగ్గిస్తుంది. రిలేకి కనబడాలంటే ఉన్న కరెంటంతా కావాలి, పైగా 9 కేవీ లైట్నింగ్ అరెస్టర్లతో సరిపెట్టుకోవచ్చు. అక్కడ సాలిడ్ సబబే. మీ దగ్గర ఫాల్టు పడేది మోటారు స్లాటులో, కేబుల్ టర్మినేషన్లో. అక్కడ 8 కిలో ఆంపియర్లు ఎవరికీ అక్కర్లేదు.

పాతకాపు_హెచ్‌టీ
ఎన్‌జీఆర్ వాళ్లంతా ఒక పక్షమై పోయారు. చాలా పాత ప్లాంట్లలో 3.3, 6.6 కేవీలు న్యూట్రల్ తేల్చే (ఎర్త్ చేయకుండానే) నడిచాయి. ఓపెన్ డెల్టా పీటీకి (ఎర్త్ ఫాల్టు పడితే వోల్టేజీ చూపించేలా కలిపిన వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్‌కి) ఒక రిలే, ఒక బెల్లు. బెల్లు మోగితే ఫీడర్లు ఒక్కొక్కటే తీసి చూసి ఫాల్టు పట్టుకునేవారు. మిల్లు ఆగితే గంటకు ఎంత నష్టమో కూడా లెక్కలో వేసుకోండి. ఫోర్‌మన్ గారిని తక్కువ చేయకండి.

జీరో_సీక్వెన్స్
పాతకాపు గారూ, బెల్లు మోగి ఫాల్టు దొరికేదాకా మిగతా రెండు ఫేజుల మీద ఏం జరుగుతుందో కూడా చెప్పాలి కదా. ఎర్త్‌కి వాటి వోల్టేజీ 3.81 నుంచి 6.6 కేవీకి ఎక్కి కూర్చుంటుంది. అది నిలకడగా ఉంటే ఫర్వాలేదు. ఉండదు. ఫాల్టు దగ్గర ఆర్క్ ఆరి, మళ్లీ అంటుకుని, మళ్లీ ఆరుతూ ఉంటే ప్రతిసారీ కేబుల్ కెపాసిటెన్సులో చార్జి మిగిలిపోతుంది. తర్వాతిసారి వోల్టేజీ దాని మీద నుంచి లేస్తుంది. పుస్తకాల్లో ఫేజు వోల్టేజీకి ఐదారు రెట్ల దాకా రాస్తారు, మూడు రెట్లు వచ్చినా పాత మోటారు ఇన్సులేషన్‌కి చాలు. మొదటి ఫాల్టు ఒక ఫ్యాన్ మోటారులో ఉంటే రెండోది ఇంకెక్కడో వేరే ఫేజులో పడుతుంది. అప్పుడది రెండు ఫేజుల ఫాల్టు, రెండు ఫీడర్లూ ఒకేసారి పోతాయి. ప్లాంటు ఆగకూడదనే కదా న్యూట్రల్ తేల్చింది?

ఇంకోటి పీటీ. స్టార్ పాయింటు ఎర్త్ చేసిన పీటీ, తేలే సిస్టంలో కేబుల్ కెపాసిటెన్సుతో ఫెర్రో రెజొనెన్సులోకి (పీటీ కోర్, కెపాసిటెన్సు కలిసి వోల్టేజీ ఊగిపోవడం) వెళ్లి కాలిపోవడం అందరూ చూసేదే. ఓపెన్ డెల్టాకి అడ్డంగా డ్యాంపింగ్ రెసిస్టరు పెట్టాలి, పీటీ వోల్టేజీ ఫ్యాక్టర్ 1.9, 8 గంటలు అని అడగాలి. సాలిడ్ సిస్టంకి తెచ్చిన 1.5, 30 సెకన్ల పీటీ అక్కడ నిలవదు.

ఆటోనగర్_వైండర్
వైండింగు వైపు నుంచి ఒక మాట. ఎర్త్ ఫాల్టంటే కాయిల్ నుంచి కోర్‌కి ఆర్క్. కొన్ని వేల ఆంపియర్లు వెళ్తే లామినేషన్లు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కాయిల్ మార్చడం పెద్ద పని కాదు, కోర్ విప్పి స్టాంపింగులు మార్చి మళ్లీ పేర్చడం పెద్ద పని. 400 ఆంపియర్లతో 0.1 సెకనులో ట్రిప్పయిన మోటారులో చాలాసార్లు ఒకటి రెండు కాయిళ్లు, స్లాటులో చిన్న మచ్చ. కాయిల్ దింపాక కోర్‌కి లూప్ టెస్టు చేసి థర్మల్ కెమెరాతో చూస్తాం. చుట్టూ ఉన్న ఇనుము కన్నా 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన చోటుంటే ఆ కోర్ మీద కొత్త కాయిల్ వేయకూడదు. సాలిడ్ సిస్టం నుంచి వచ్చిన మోటార్లు ఈ టెస్టులో తన్నేస్తాయి.

పాతకాపు_హెచ్‌టీ
సరే, ఆర్క్ ఆరుతూ అంటుకుంటూ వోల్టేజీ ఎక్కే ఆ ఆర్కింగ్ గ్రౌండు ఒప్పుకుంటా. అప్పుడు 400 ఎందుకు? 10 ఆంపియర్ల రెసిస్టరు పెట్టండి. ఆర్కింగూ ఉండదు, ప్లాంటూ ఆగదు.

జీరో_సీక్వెన్స్
మంచి ప్రశ్న. హై రెసిస్టెన్సుకి ఒక షరతు ఉంది: రెసిస్టరు కరెంటు సిస్టం చార్జింగ్ కరెంటు కన్నా తగ్గకూడదు. తగ్గితే అది న్యూట్రల్ తేల్చినట్టే ప్రవర్తిస్తుంది. ఈ ప్లాంటు లెక్క: 6.6 కేబుల్ కిలోమీటరుకు 0.4 మైక్రోఫారడ్ అనుకుంటే 3 × 314 × 0.4 × 3,810 వేసి పది లక్షలతో భాగిస్తే కిలోమీటరుకు 1.44 ఆంపియర్లు. 3 కిలోమీటర్లకు 4.3. మోటార్ల దగ్గర 0.1 మైక్రోఫారడ్ సర్జ్ కెపాసిటర్లు పెడితే ఒక్కో సెట్టుకు ఇంకో 0.36. అంతా కలిపి 6 లోపే. అంటే లెక్కప్రకారం 10 ఆంపియర్ల ఎన్‌జీఆర్ కుదురుతుంది.

కానీ 6.6 కేవీలో 10 ఆంపియర్ల ఆర్క్‌ని గంటల తరబడి మోటారు స్లాటులో వదిలేస్తే అది పక్క కాయిల్‌కి పాకుతుంది. అందుకే ట్రిప్ చేయకుండా నడపడం 4.16 కేవీ దాకా అంటారు, పైన అయితే 10 ఆంపియర్లకైనా ట్రిప్ చేయాలి. ట్రిప్పే చేసేటప్పుడు రిలేకి బాగా కనిపించే కరెంటు ఇవ్వడం మేలు. రేపు ఇంకో 2 కిలోమీటర్ల కేబుల్ వేసినా మళ్లీ లెక్క చూసుకోనక్కర్లేదు.

రిలే_రాంబాబు
400 అనేది వేదవాక్కేం కాదు. మూడు సీటీలను (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లను) రెసిడ్యువల్‌గా కలిపి ఎర్త్ ఫాల్టు చూసే రోజుల్లో మోటారు స్టార్టింగులో వచ్చే తప్పుడు కరెంటు మీద నుంచి సెట్టింగు పెట్టాల్సి వచ్చేది, అందుకే ఎక్కువ కావాలి. ఇప్పుడు ప్రతి ఫీడర్‌కీ కోర్ బ్యాలెన్స్ సీటీ (మూడు కోర్లనూ చుట్టి ఉండే ఒకే సీటీ) ఉంటే 100 ఆంపియర్లతో కూడా సుబ్బరంగా నడుస్తుంది, 38.1 ఓంలు. అయితే ట్రాన్స్‌ఫార్మర్ ఆర్‌ఈఎఫ్‌కి (వైండింగు వైపు ఎర్త్ ఫాల్టును మాత్రమే చూసే రిలేకి) దెబ్బ తగులుతుంది. న్యూట్రల్ వైపు వైండింగులో పడ్డ ఫాల్టుకి వోల్టేజీ తక్కువ కాబట్టి కరెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 800/1 సీటీ, 10 శాతం సెట్టింగు అంటే 80 ఆంపియర్లు. 400 ఎన్‌జీఆర్‌తో న్యూట్రల్ వైపు 20 శాతం వైండింగు కవర్ కాదు. 100 పెడితే 80 శాతం వదిలేసినట్టు. కన్సల్టెంట్ 400 అన్నది అందుకే అయ్యుంటుంది. ఆర్‌ఈఎఫ్ 5 శాతానికి దించగలిగితే 400తో వదిలేసేది 10 శాతమే.

బీటెక్_ఫైనలియర్
న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టే పీటర్సన్ కాయిల్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? మాకు పరీక్షలో ఎప్పుడూ వస్తుంది. మన వైపు ఎక్కడుంది?

బెజవాడ_బస్‌బార్
పరీక్షలో.

జీరో_సీక్వెన్స్
నవ్వులాట పక్కన పెడితే, పీటర్సన్ 1916 ప్రాంతంలో జర్మనీలో కనిపెట్టింది. మధ్య యూరపులో ఇప్పటికీ మామూలే. కాయిల్ ఇండక్టెన్సు ఒకటి బై మూడు ఒమేగా స్క్వేర్ సి. ఉదాహరణకు 11 కేవీలో 30 కిలోమీటర్ల కేబుల్, కిలోమీటరుకు 0.4 మైక్రోఫారడ్: చార్జింగ్ కరెంటు దాదాపు 72 ఆంపియర్లు, కాయిల్ 0.28 హెన్రీ, రియాక్టెన్సు 88 ఓంలు. ఫాల్టు దగ్గర కెపాసిటివ్ కరెంటును ఈ ఇండక్టివ్ కరెంటు కొట్టేస్తుంది, మిగిలేది కొద్ది ఆంపియర్లు, ఆర్క్ దానంతటదే ఆరుతుంది.

మనకెందుకు కుదరదంటే, ఫీడర్లు రోజూ ఇటునుంచి అటు మారుస్తుంటారు. కెపాసిటెన్సు మారినప్పుడల్లా కాయిల్ ట్యూనింగ్ తప్పుతుంది, ఆటోమేటిక్ ట్యూనింగ్ కావాలి. ఆరోగ్యంగా ఉన్న ఫేజులు 11 కేవీకి ఎక్కుతాయి, ఊరంతా ఉన్న 9 కేవీ అరెస్టర్లు, బలహీనమైన ఇన్సులేటర్లు ఒకేసారి బయటపడతాయి. తెగిన తీగ పొలంలో పడి ట్రిప్ కాకుండా ఉండటం ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు. అయితే ఆస్ట్రేలియా విక్టోరియాలో 2009 కార్చిచ్చుల తర్వాత ఇదే సూత్రంతో మంటలు అంటుకోకుండా ఫాల్టు కరెంటును దాదాపు సున్నాకి దించే పరికరాలు సబ్‌స్టేషన్లలో పెట్టారు. పరీక్షలో అది కూడా రాయి తమ్ముడూ.

కొండపల్లి_ఎలక్ట్రికల్
ఎన్‌జీఆర్‌కే మొగ్గాను. రెండు సందేహాలు. కేబుల్ అన్‌ఎర్త్‌డ్ గ్రేడు (ఎర్త్ మీద పూర్తి 6.6 కేవీని తట్టుకునేది) కొనాలా? కన్సల్టెంట్ కొనమంటున్నారు, పర్చేజ్ వాళ్లు ఎర్త్‌డ్ గ్రేడుకి కొటేషన్ తెచ్చారు. రెండోది, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ నుంచి ఎన్‌జీఆర్‌కి 50×6 జీఐ ఫ్లాట్ (గాల్వనైజ్డ్ ఇనుప పట్టీ) లాగితే చాలా?

గుంటూరు_మెగ్గర్
రెండోదానికి ముందు, ఎందుకంటే అది ప్రాణం తీసేది. జీఐ ఫ్లాట్ వద్దు!! ఎర్త్ ఫాల్టు పడ్డప్పుడు న్యూట్రల్ పాయింటు ఎర్త్ మీద 3,810 వోల్టులకు లేస్తుంది. ఎన్‌జీఆర్ పై టెర్మినల్ దాకా అది ఫేజు కండక్టరుతో సమానం. 6.6 కేవీ సింగిల్ కోర్ కేబుల్ వేయండి, లేదా ఇన్సులేటర్ల మీద బస్‌బార్ వేసి ఎన్‌క్లోజర్‌లో ఉంచండి. 1.1 కేవీ కేబుల్ కూడా పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ బుషింగు ఏ క్లాసో నేమ్‌ప్లేటు మీద, డ్రాయింగులో చూడండి. సాలిడ్ ఎర్తింగు అనుకుని చిన్న బుషింగు పెట్టి పంపితే ఇప్పుడే మార్పించాలి, ట్యాంకు వచ్చాక కుదరదు. జీఐ ఫ్లాట్ ఎన్‌జీఆర్ కింది టెర్మినల్ నుంచి ఎర్త్‌కి. అది రెండు వేర్వేరు దారుల్లో రెండు వేర్వేరు పిట్లకు వెళ్లాలి, తర్వాత గ్రిడ్‌కి కలవాలి.

రిలే_రాంబాబు
కేబుల్ విషయంలో నా లెక్క వేరు. ఐఈసీ 60502 ప్రకారం ఎర్త్ ఫాల్టును ఒక నిమిషంలోపు తొలగించే సిస్టం కేటగిరీ ఏ. మీ ఎన్‌జీఆర్ రేటింగే 10 సెకన్లు, రిలేలు సెకను లోపు తీసేస్తాయి. కాబట్టి 3.8/6.6 కేబుల్, అంటే ఎర్త్‌డ్ గ్రేడు, చాలు.

గుంటూరు_మెగ్గర్
కాగితం మీద చాలు. కానీ ఐఎస్ 7098 రెండో భాగంలో 3.8/6.6 కేబుల్ ఇన్సులేషన్ 2.8 మిల్లీమీటర్లు, 6.6/6.6 అయితే 3.6. ఆ 3.6 ఉన్న కేబులే 6.35/11 ఎర్త్‌డ్ కేబుల్ కూడా. అంటే బజారులో 11 కేవీ ఎర్త్‌డ్‌గా దొరికే మామూలు కేబులే 6.6 అన్‌ఎర్త్‌డ్. ధర తేడా చూసి నిర్ణయించుకోండి, 3 కిలోమీటర్లకు అదేమీ కొండంత కాదు. ఎన్‌జీఆర్ ఎప్పుడైనా తెగి న్యూట్రల్ తేలితే ఆ 0.8 మిల్లీమీటరే కాపాడుతుంది.

రిలే_రాంబాబు
ఎన్‌జీఆర్ తెగితే పట్టుకునే రిలే పెట్టుకోవాలి గానీ, దానికోసం కేబుల్ లావు చేస్తారా?

పాతకాపు_హెచ్‌టీ
రిలే కూడా తెగుతుంది రాంబాబు గారూ. లావు కేబుల్‌కే నా ఓటు.

కొండపల్లి_ఎలక్ట్రికల్
😀 సరే, 6.6/6.6 తీసుకుంటాం. ఇప్పుడు రిలే సెట్టింగులు.

రిలే_రాంబాబు
ఆధారంగా తీసుకోండి, తుది మాట కోఆర్డినేషన్ స్టడీది. మోటారు ఫీడర్లకు కోర్ బ్యాలెన్స్ సీటీ, 20 ఆంపియర్లు, 0.1 సెకను. 6.6/0.433 ట్రాన్స్‌ఫార్మర్ ఫీడర్లకూ అంతే, వాటి ప్రైమరీ డెల్టా కాబట్టి 433 వైపు ఎర్త్ ఫాల్టు ఇక్కడ కనబడదు, గ్రేడింగు అక్కర్లేదు. ఇన్‌కమర్ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోర్డుకి వచ్చే బ్రేకర్) 40 ఆంపియర్లు, 0.4 సెకను. ఎన్‌జీఆర్‌లోని న్యూట్రల్ సీటీతో స్టాండ్‌బై 51ఎన్ (ఎర్త్ ఫాల్టు కరెంటు రిలే), 40 నుంచి 60 ఆంపియర్లు, 0.8 నుంచి 1 సెకను.

ఇక్కడ అందరూ కాలు జారే చోటు ఒకటుంది. స్టాండ్‌బై 51ఎన్ 6.6 ఇన్‌కమర్‌ని ట్రిప్ చేస్తే చాలదు, 33 కేవీ బ్రేకర్‌ని ట్రిప్ చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ బుషింగుకీ ఇన్‌కమర్‌కీ మధ్య కేబుల్లో ఫాల్టు పడితే ఇన్‌కమర్ తెరిచినా కరెంటు ఆగదు. 33 వైపు ఓవర్‌కరెంటు రిలే పట్టుకుంటుందేమో అనుకోకండి. 6.6 వైపు 400 ఆంపియర్ల ఎర్త్ ఫాల్టు 33 వైపు 400 × 3.81/33, అంటే 46 ఆంపియర్లుగా రెండు లైన్లలో కనబడుతుంది. ఫుల్ లోడే 140. ఆ రిలే నిద్రపోతుంది. ఎన్‌జీఆర్ 10 సెకన్లు భరించి 11వ సెకనులో కరగడం మొదలెడుతుంది. 33 బ్రేకర్‌కి ట్రిప్ కేబుల్ డ్రాయింగులో ఉందో లేదో ఈ రోజే చూడండి.

వాక్యూమ్ కాంటాక్టర్ ఫీడర్లుంటే ఇంకో లాభం. కాంటాక్టరు తెంచగలిగేది కొన్ని కిలో ఆంపియర్లే. సాలిడ్ సిస్టంలో ఎర్త్ ఫాల్టు రిలే ఫ్యూజు కన్నా ముందు పనిచేసి కాంటాక్టరును 8 కిలో ఆంపియర్ల మీద తెరిస్తే అది పేలుతుంది, అందుకే అక్కడ ఆలస్యం పెట్టాలి. 400 అయితే నిశ్చింతగా 0.1 పెట్టుకోవచ్చు.

గుంటూరు_మెగ్గర్
కోర్ బ్యాలెన్స్ సీటీ మాట వచ్చింది కాబట్టి. కేబుల్ ఆర్మరు, స్క్రీను సీటీ లోపలి నుంచి వెళ్తుంటే, వాటి ఎర్త్ తీగను మళ్లీ అదే సీటీ లోపలి నుంచి వెనక్కి తెచ్చి ఎర్త్ చేయాలి. లేకపోతే ఫాల్టు కరెంటు కోర్‌లో వెళ్లి స్క్రీనులో తిరిగొస్తుంది, సీటీకి మొత్తం సున్నాగా కనబడుతుంది, రిలే కదలదు. గ్లాండు సీటీకి కిందే ఆగి, కోర్లు మాత్రమే సీటీలోంచి వెళ్తుంటే ఎర్త్ తీగ లోపలికి తేకూడదు. ప్యానెల్ ఫిట్టర్లు ఈ రెండిట్లో ఏదో ఒకటి అలవాటుగా అన్నిచోట్లా చేసేస్తారు. కేబుల్ టర్మినేషన్ అయ్యాక ప్రతి ఫీడర్ వెనక తలుపు తీసి కంటితో చూడాలి, రిలే టెస్టు కిట్‌తో ఈ తప్పు దొరకదు.

కొండపల్లి_ఎలక్ట్రికల్
ఇది బంగారం. వెంటనే చెక్‌లిస్టులో పెట్టాను.

తెనాలి_డీజీ
మధ్యలో దూరుతున్నా. 415 వోల్టుల డీజీలు (డీజిల్ జనరేటర్లు) రెండు, ఒక్కోటి 1010 కేవీఏ, సింక్ చేసి నడుస్తున్నాయి. రెండిటి న్యూట్రల్‌నీ ఎర్త్ చేశారు, న్యూట్రల్ బస్‌కీ కలిపారు. లోడు తక్కువున్నప్పుడు కూడా న్యూట్రల్ కేబుళ్లు వేడెక్కుతున్నాయి. ఎల్‌టీకి కూడా ఎన్‌జీఆర్ పెట్టాలా?

మోడరేటర్
వేరే చర్చ తెరవాల్సింది. దగ్గరి విషయమే కాబట్టి వదిలేస్తున్నా.

జీరో_సీక్వెన్స్
క్లాంప్ మీటరుతో న్యూట్రల్ కరెంటు చూడండి, 150 హెర్ట్జ్ చూపించే మీటరైతే ఇంకా మంచిది. రెండు ఆల్టర్నేటర్ల వైండింగు పిచ్ (పోల్ వెడల్పులో కాయిల్ వెడల్పు ఎంత వంతు) ఒకటి 2/3, ఒకటి 5/6 అయితే థర్డ్ హార్మోనిక్ తేడాగా పుట్టి రెండు న్యూట్రళ్ల మధ్య తిరుగుతుంది. అది లోడు కరెంటు కాదు, అందుకే లోడు లేకపోయినా వేడి. మందు: న్యూట్రల్ బస్‌ని ఒకే చోట ఎర్త్ చేయండి, ఒక్కో డీజీ న్యూట్రల్‌కి బస్‌కి మధ్య కాంటాక్టరు పెట్టండి. ఎప్పుడూ ఒక డీజీ న్యూట్రల్ మాత్రమే మూసి ఉండాలి. ఆ డీజీ ఆగేటప్పుడు రెండోదాని కాంటాక్టరు ముందు మూసుకుని, తర్వాతే మొదటిది తెరవాలి. ఒక్క సెకను రెండూ తెరిచి ఉన్నా సింగిల్ ఫేజ్ లోడు మీద వోల్టేజీ తేలిపోయి టీవీలు, ఏసీ బోర్డులు పోతాయి. మీకు 240 వోల్టుల సింగిల్ ఫేజ్ లోడు ఉన్నంతకాలం 415కి ఎన్‌జీఆర్ కుదరదు, సాలిడే.

బెజవాడ_బస్‌బార్
న్యూట్రల్ తేలితే ఏమవుతుందో కృష్ణలంక, పటమట అపార్ట్‌మెంట్ల వాళ్లను అడగండి, ఒక లైను తెగితే వీధంతా ఫ్రిజ్ మెకానిక్ కోసం క్యూ.

రిలే_రాంబాబు
జనరేటరు మీద ఇంకో కోణం. ఆల్టర్నేటరు జీరో సీక్వెన్స్ రియాక్టెన్సు పాజిటివ్ కన్నా తక్కువ. సాలిడ్ ఎర్త్ చేస్తే ఒక ఫేజు ఫాల్టు కరెంటు మూడు ఫేజుల ఫాల్టును మించుతుంది, వైండింగు కట్టేది మూడు ఫేజుల ఫాల్టు బలానికి. అందుకే పెద్ద యూనిట్లలో న్యూట్రల్‌కి చిన్న ట్రాన్స్‌ఫార్మరు, దాని సెకండరీ మీద రెసిస్టరు. ఉదాహరణకు ఇబ్రహీంపట్నంలో ఉన్నటువంటి 210 మెగావాట్ల సెట్లు 15.75 కేవీ. 10 ఆంపియర్లకు పరిమితం చేయాలంటే న్యూట్రల్‌లో 909 ఓంలు, 91 కిలోవాట్లు. 909 ఓంలు నేరుగా కట్టడం కన్నా ట్రాన్స్‌ఫార్మర్ వెనక అర ఓం కట్టడం తేలిక, వోల్టేజీ రిలే కూడా అక్కడే పెట్టుకోవచ్చు.

ఎర్త్_పిట్
ఎన్‌జీఆర్ దిగువన ఎర్తింగు గురించి ఎవరూ రాయలేదు. ఒకే పైపు పాతి 1 ఓం వస్తుందనుకోకండి. మట్టి రెసిస్టివిటీ 100 ఓం-మీటర్లయితే 3 మీటర్ల, 40 మిల్లీమీటర్ల పైపు ఒక్కటి 28 ఓంలకు పైనే ఇస్తుంది. కొండపల్లి గుట్టల రాతి నేలలో ఇంకా ఎక్కువ. పిట్లు కనీసం పైపు పొడవుకు రెండింతల దూరంలో వేసి, రింగుగా ఫ్లాట్‌తో కలపాలి. గుంటూరు నల్లరేగడిలో ఇంకో తిప్పలు: వానాకాలంలో రీడింగు బ్రహ్మాండం, రోహిణి కార్తెలో నేల నెర్రెలిచ్చి పైపు చుట్టూ ఖాళీ వస్తుంది, రీడింగు రెట్టింపు దాటుతుంది. బెంటొనైట్ నింపండి, రీడింగు మే నెలలో తీయండి. కొలిచేటప్పుడు పిట్‌ని గ్రిడ్ నుంచి విప్పి, ఫాల్ ఆఫ్ పొటెన్షియల్ పద్ధతిలో మధ్య స్పైకు 62 శాతం దూరంలో.

జీరో_సీక్వెన్స్
దీనికి చిన్న చేర్పు. ప్లాంటు లోపల ఎర్త్ ఫాల్టు కరెంటు మట్టిలోంచి కాదు, గ్రిడ్ ఫ్లాట్, కేబుల్ ఆర్మరు, బోర్డు ఎర్త్ బస్ మీదుగా ఎన్‌జీఆర్ కింది టెర్మినల్‌కి వస్తుంది. ఆ లోహపు దారి ఎక్కడా తెగకుండా ఉంటే పిట్ 2 ఓంలున్నా 400 ఆంపియర్లు వస్తాయి. 415 వైపు అయితే ఇది మరీ ముఖ్యం: మోటారుని దాని సొంత పిట్‌కి మాత్రమే కలిపి, ట్రాన్స్‌ఫార్మర్ 1 ఓం, మోటారు పిట్ 5 ఓంలు అయితే 240/6 = 40 ఆంపియర్లు. 63 ఆంపియర్ల ఫ్యూజు తలైనా తిప్పదు, బాడీ మీద 200 వోల్టులు కూర్చుంటాయి.

కొండపల్లి_ఎలక్ట్రికల్
ఎన్‌జీఆర్ ఆర్డరు ఇలా రాశాను. 9.53 ఓంలు, 400 ఆంపియర్లు, 10 సెకన్లు, స్టెయిన్‌లెస్ స్టీల్ ఎలిమెంట్లు, ఐపీ 23 ఎన్‌క్లోజరు, లోపల సింగిల్ పోల్ ఐసొలేటరు, కింద ఎర్త్ వైపు 1.1 కేవీ క్లాసు సీటీ. ఏదైనా మిగిలిందా?

గుంటూరు_మెగ్గర్
సీటీ అడుగున పెడితే ఇన్సులేషన్ చౌక. కానీ ఎలిమెంట్ మధ్యలో ఎన్‌క్లోజరుకి ఫ్లాష్ అయితే కరెంటు బాడీ మీదుగా వెళ్లి సీటీని తప్పించుకుంటుంది. ఎన్‌క్లోజరు కూడా ఇన్సులేటర్ల మీద నిలిపి, దాని ఎర్త్ తీగ సీటీలోంచి పోనివ్వాలి, లేదంటే సీటీ పైన పెట్టి 6.6 క్లాసు అడగండి. ఆర్‌ఈఎఫ్ సీటీ మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ బుషింగు దగ్గరే, ఫేజు సీటీల నిష్పత్తే ఉండాలి. ఓంలు గది వేడిలో, ప్లస్ మైనస్ 10 శాతం అని రాయండి, 8.6 నుంచి 10.5 మధ్య. 10 సెకన్ల రేటింగుకి ఎలిమెంట్ వేడి పెరుగుదల 760 డిగ్రీల దాకా అనుమతిస్తారు, కాబట్టి కేబుల్ పై నుంచి కాకుండా పక్క నుంచో కింద నుంచో ప్రవేశించాలి. కింద ఎలుకలు, తొండలు దూరకుండా జాలీ.

బెజవాడ_బస్‌బార్
బెజవాడ మే నెలలో ఆ 760కి ఎన్‌జీఆర్ ఒక్కటే అర్హురాలు కాదు.

పాతకాపు_హెచ్‌టీ
ఐసొలేటరుకి తాళం, 33 బ్రేకర్‌తో ఇంటర్‌లాక్ పెట్టండి. మెయింటెనెన్సులో తీసి మర్చిపోతే అది నేను చెప్పిన సిస్టమే, కాకపోతే బెల్లు లేకుండా.

రిలే_రాంబాబు
అందుకే ఓపెన్ డెల్టా పీటీ నుంచి 59ఎన్ (న్యూట్రల్ వోల్టేజీ రిలే) కూడా పెట్టుకోమనేది. ఎన్‌జీఆర్ తెగి ఉన్నప్పుడు ఎర్త్ ఫాల్టు పడితే 51ఎన్‌కి కరెంటు రాదు, 59ఎన్‌కి వోల్టేజీ వస్తుంది. 2 సెకన్లు, 33 ట్రిప్. పీటీ 1.9, 30 సెకన్లు చాలు.

కొండపల్లి_ఎలక్ట్రికల్
రెండో 8 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చే ఏడాది రావచ్చు. దానికి ఇంకో ఎన్‌జీఆరా, ఇదే పంచుకోవాలా?

జీరో_సీక్వెన్స్
ఒక్కోదానికి ఒక్కోటి. బస్ కప్లర్ మూసి రెండూ ప్యారలల్‌లో నడిపితే ఫాల్టు 800 ఆంపియర్లు అవుతుంది, కోర్ బ్యాలెన్స్ సీటీలకు, కేబుల్ స్క్రీన్లకు ఆ సంఖ్య ఇప్పుడే ఇవ్వండి. ఒకే ఎన్‌జీఆర్ పంచుకుంటే ఆగి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ మీద ఫాల్టు సమయంలో 3.8 కేవీ వస్తుంది, లోపల పనిచేసేవాడికి అది తెలియదు.

కొండపల్లి_ఎలక్ట్రికల్
కమిషనింగులో ఆర్‌ఈఎఫ్ పొలారిటీ ఎలా చూడాలి? 33 ఇంకా చార్జి కాదు.

గుంటూరు_మెగ్గర్
33 వైపు ఐసొలేట్ చేసి మూడు టెర్మినళ్లూ షార్ట్ చేసి ఎర్త్ చేయండి. ఇది మర్చిపోవద్దు, కనెక్షన్ తప్పితే అటు వైపు ప్రమాదకరమైన వోల్టేజీ పుట్టొచ్చు. 6.6 వైపు ఫేజు సీటీల అవతల మూడు ఫేజులూ కలిపి షార్ట్ చేసి, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా 240 వోల్టులు ఆ షార్ట్‌కీ ఎర్త్ గ్రిడ్‌కీ మధ్య ఇవ్వండి. ఎన్‌జీఆర్ 9.53 ఓంలు కాబట్టి 25 ఆంపియర్లు వస్తాయి, ఫేజుకు 8 చొప్పున. 800/1 సీటీ సెకండరీలో న్యూట్రల్ వైపు 31 మిల్లీ ఆంపియర్లు. ఆర్‌ఈఎఫ్ రిలే కాయిల్‌లో సున్నా దగ్గర చూపించాలి. న్యూట్రల్ సీటీ తీగలు తిరగేస్తే 62 రావాలి. తిరగేయక ముందే 62 వస్తే పొలారిటీ తప్పు. చూశాక తీగలు యథాస్థానంలో పెట్టి, లింకులు బిగించి, మళ్లీ ఒకసారి ఇంజెక్ట్ చేయండి. 25 ఆంపియర్లు కొన్ని సెకన్ల కంటే ఎక్కువ ఉంచాల్సి వస్తే ఎన్‌జీఆర్ కంటిన్యూయస్ రేటింగు ఎంతో నేమ్‌ప్లేటు మీద చూసుకోండి.

కొండపల్లి_ఎలక్ట్రికల్
ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ 7.5 కేవీఏ ఉంది, సరిపోతుందా?

గుంటూరు_మెగ్గర్
240 × 25 = 6 కేవీఏ. సరిపోతుంది. ముందు వేరియాక్‌తో మెల్లగా ఎక్కించండి.